మొక్కు లేకపోయినా నడుద్దాం



మన చిత్తూరు, తిరుపతి వైపు నడక అంటే మొక్కు. పిల్లవాడికి ఉద్యోగమొస్తే, కూతురికి పెళ్లి కుదిరితే, ఇంట్లో జబ్బుపడినవాళ్లు లేచి తిరిగితే, "సామీ, నడిచొస్తాను" అని మొక్కుకుంటాం. అలిపిరిలో పాదాల మండపం దగ్గర కొబ్బరికాయ కొట్టి, మెట్టు మెట్టుకూ పసుపు కుంకుమ పెడుతూ ఎక్కేవాళ్లను ఏ రోజు వెళ్లినా చూడవచ్చు. మొక్కు తీరుతుంది. బస్సులో కిందికి దిగుతాం. మళ్లీ మొక్కు పడేదాకా కాళ్లకు పని చెప్పం. ఆ మొక్కు గొప్పది, దాన్ని తక్కువ చేసి మాట్లాడటం నా ఉద్దేశం కాదు. ఏ మొక్కూ లేని రోజున కూడా ఈ నేల మీద నడవమని మిమ్మల్ని అడగాలనుకుంటున్నాను. అందుకు ఏడాది మొత్తంలో ఈ చలికాలాన్ని మించిన కాలం లేదు.

ఎందుకు లేదో మన వానే చెబుతుంది. దేశంలో చాలాచోట్ల వానాకాలం జూన్‌లో మొదలై సెప్టెంబరుతో అయిపోతుంది. మనకు గట్టివానలు ఆ తరువాతే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు, వాటితోపాటు బంగాళాఖాతంలో లేచే వాయుగుండాలు. శ్రీకాళహస్తి, సత్యవేడు, పుత్తూరు, తిరుపతి వైపు ఈ వాన దండిగా పడుతుంది. పడమటి మిట్టల మీద కొంత తగ్గుతుంది. కాబట్టి మన వంకలు పారేది కార్తీకంలో, చెరువులు నిండేది మార్గశిరంలో. సంక్రాంతి నాటికి వాన వెనక్కి తగ్గి, ఎండ ఇంకా ముదరక, కోనల్లో నీళ్లుండి, గుట్టల మీద పచ్చదనం మిగిలి ఉంటుంది. మహాశివరాత్రి దాటిందంటే బండలు కాలడం మొదలవుతుంది. మధ్యలో మన చేతికి దొరికేది రెండు మూడు నెలలు మాత్రమే. వేసవి సెలవుల్లో పిల్లల్ని తీసుకుని తలకోనకు పోయి, నీళ్లు సన్నగా కారుతున్నాయని నిరాశపడి వచ్చేవాళ్లు నాకు ఎందరో తెలుసు. తప్పు తలకోనది కాదు, వెళ్లిన నెలది.

ఆ వాన ప్రతి ఏడూ మెత్తగా రాదు. 2021 నవంబరు మనకెవరికీ మరుపురాదు. స్వర్ణముఖి పొంగింది, తిరుపతి వీధుల్లో నీళ్లు పారాయి, ఘాట్ రోడ్డు మీద కొండచరియలు పడ్డాయి. శ్రీనివాసమంగాపురం వైపు నుంచి ఎక్కే శ్రీవారి మెట్టు దారి కొట్టుకుపోయి, మరమ్మతులు ముగిసి 2022 మేలో గాని తెరుచుకోలేదు. రామచంద్రాపురం మండలంలో రాయలచెరువు కట్ట నుంచి నీళ్లు ఊటగా కారుతుంటే కింది పల్లెల జనాన్ని ఖాళీ చేయించారు. ఈ నేల మీద నడిచేవాడికి నీళ్లు ఎటునుంచి వచ్చి ఎటు పోతాయో తెలిసి ఉండాలి. అది కారులో కూర్చుంటే తెలిసే సంగతి కాదు.

చలికాలం పొద్దున పల్లెదోవలో ఏముంటుందో ముందు చెబుతాను. మార్గశిరం, పుష్యం నెలల్లో చిత్తూరు పడమటి మండలాల్లో పొద్దెక్కేదాకా మంచు. ఆ మంచులో తడిసిన అనపచేను గట్టున నిలబడితే కాయ సొన వాసన గుప్పుమంటుంది. చిత్తూరు జిల్లాలో పుట్టినవాళ్లకు ఆ వాసన చాలు, పితికిపప్పు గుర్తుకొస్తుంది. అనపగింజలు రాత్రి నానబెట్టి, పొద్దున ఒక్కొక్క గింజా పితికి, పొట్టు తీసి, మసాలా నూరి వండే ఆ కూర, పక్కన వేడి సంగటి. అది మరో కాలంలో దొరకదు. జనవరిలో మామిడితోటలు పూతకొస్తాయి. దామలచెరువు, బంగారుపాళెం వైపు తోటల నడుమ నడిస్తే ఆ పూత వాసనా, తేనెటీగల రొదా మైళ్ల పొడవునా వెంట వస్తాయి. చెరకు నరికే చోట గానుగలు తిరుగుతుంటాయి. పెద్ద పెనంలో చెరకుపాలు కాగి బెల్లం అయ్యే దాకా నిలబడి చూడండి. అడగకపోయినా చేతిలో వేడిబెల్లం ముద్ద పెట్టే రైతులు ఇంకా ఉన్నారు. వంకగట్టున రేగుపళ్లు, చింతచెట్ల మీద దోరకాయలు, మిట్టల మీద తంగేడు. వీటిలో దేనికీ టికెట్టు లేదు.

ఇంత హాయి లేని ఇంగ్లండులో కూడా చలికాలం నడక ఒక ఆచారం. అక్కడ డిసెంబరులో సాయంత్రం నాలుగింటికే చీకటి పడుతుంది, దోవలన్నీ బురద. అయినా క్రిస్మస్ మర్నాడు, అంటే డిసెంబరు 26న, ముసలివాళ్లు, పిల్లలు, కుక్కలు అందరూ కలిసి పొలాల మీదుగా నడవడం చాలా కుటుంబాల్లో తరాలుగా ఉంది. అక్కడ స్థిరపడిన మనవాళ్ల పిల్లలు కూడా రబ్బరు బూట్లేసుకుని ఆ బురదలో నడుస్తున్నారు. ఆ దేశంలో పొలం ఎవరిదైనా దాని మీదుగా పోయే పాత కాలిబాట మీద నడిచే హక్కు అందరిదీ. ఆ హక్కు ఊరికే దక్కలేదు. 1932 ఏప్రిల్‌లో మాంచెస్టర్ వైపు మిల్లు కార్మికులు, యువకులు కొన్ని వందలమంది, జమీందార్లు వేట కోసం మూసేసుకున్న కిండర్ స్కౌట్ అనే కొండ మీదికి కావాలని గుంపుగా ఎక్కారు. అయిదుగురు జైలుకు పోయారు. 1949లో జాతీయ వనాలకూ కాలిబాటలకూ చట్టం వచ్చింది. 1951లో ఆ కొండ ఉన్న ప్రాంతమే దేశంలో మొదటి జాతీయ వనమయింది. వారమంతా మిల్లులో పొగ పీల్చేవాడికి ఆదివారం కొండగాలి కావాలి. అది అడగడానికి వాళ్లు సిగ్గుపడలేదు, జైలుకు భయపడలేదు. నాకు అందులో నచ్చింది అదే.

మనకు అలాంటి చట్టం లేదు. మన దోవలను ఇన్నాళ్లూ కాపాడింది అలవాటు. ఊరినుంచి ఊరికి బండిబాట, చేను మీదుగా కాలిదోవ, సంతకు పోయే దారి, బడికి పోయే అడ్డదారి, మేకలు తోలుకెళ్లే గుట్టదారి. నడిచేవాళ్లు తగ్గాక ఆ దోవల మీద ముళ్లకంప మొలుస్తుంది, తరువాత కంచె వస్తుంది, ఆ తరువాత సర్వే రాళ్లు పాతి ప్లాట్లు వేస్తారు. తిరుపతి చుట్టూ ఇలా పోయిన దోవలు తలుచుకుంటే మనసు కలుక్కుమంటుంది. ఒక దోవ బతకాలంటే దాని మీద మనుషులు నడవాలి.

ఇంగ్లీషువాళ్లు మన కొండల మీదికీ వచ్చారు. మదనపల్లె అప్పట్లో కడప జిల్లాలో ఉండేది. మన చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911లో. కడప కలెక్టరుగా ఉన్న హార్స్‌లీ అనే దొర 1860లలో మదనపల్లె దగ్గర కొండ మీద వేసవి ఇల్లు కట్టుకున్నాడు. ఎండకు తాళలేక ఎక్కినచోటు అది, నాలుగు వేల అడుగులు దాటిన ఎత్తు. దొర పేరు కొండకు అంటుకుపోయి హార్స్‌లీ హిల్స్ అయింది. అంతకుముందు నుంచీ ఊళ్లవాళ్లు దాన్ని ఏనుగు మల్లమ్మ కొండ అంటున్నారు. ఏనుగులు సాకిన పిల్ల మల్లమ్మ, రోగాలు నయం చేసేదనీ, ఒకనాడు కనిపించకుండా పోయిందనీ, ఆమెకే గుడి కట్టారనీ కథ. దొర వేసవిలో ఎక్కాడు గాని, ఆ కొండ అసలు అందం చలికాలంలో చూడాలి. గాలిబండ మీద పొద్దున్నే నిలబడితే మబ్బులు మన పాదాల కింద ఉంటాయి. వీలయితే ఘాట్ దారిలో కొంతదూరమైనా దిగి నడవండి. కిందకు దిగేకొద్దీ చెట్ల జాతులు మారడం, చలి తగ్గడం, వాసన మారడం ఒంటికి తెలుస్తుంది.

ఆ చుట్టుపక్కలే రిషివ్యాలీ. జిడ్డు కృష్ణమూర్తి 1895లో మదనపల్లెలో పుట్టాడు. లోకమంతా తిరిగి ఉపన్యాసాలిచ్చిన ఆ మనిషి ఎక్కడున్నా రోజూ దూరం నడిచేవాడు. నడిచి వచ్చాక చూసిన చెట్టునూ, కొండ మీద వెలుతురునూ, ఎదురొచ్చిన పల్లెజనాన్నీ రాసుకునేవాడు. ఆయన కోరిక మీద మొదలైన బడి ఉన్న ఆ లోయ ఒకప్పుడు బోడికొండల నడుమ కరువునేల. చెట్లు నాటి, వాన నీళ్లు నిలిపి, మేత ఆపి దశాబ్దాల పాటు సాకితే పిట్టలు తిరిగొచ్చాయి. 1991లో దాన్ని పక్షుల రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. కరువుసీమలో ఒక లోయను మనుషులే మళ్లీ పచ్చగా చెయ్యగలిగారు. మన జిల్లాల ప్రతి బడిపిల్లవాడికీ ఈ సంగతి చెప్పాలి.

ఇక తిరుమల దారికే వద్దాం, మొక్కు కళ్లతో కాకుండా ఒకసారి. అలిపిరి నుంచి తొమ్మిది కిలోమీటర్లు, దాదాపు 3,550 మెట్లు. శ్రీవారి మెట్టు దారి రెండు కిలోమీటర్ల పైచిలుకు, 2,388 మెట్లు. 1944లో మొదటి ఘాట్ రోడ్డు తెరిచేదాకా తిరుమలకు పోవాలంటే నడవడమో, డోలీ ఎక్కడమో తప్ప మరో మార్గం లేదు. ఎనిమిదేళ్ల అన్నమయ్య ఇల్లు విడిచి వచ్చి ఎక్కిన కొండ ఇది. మోకాళ్ల పర్వతం దగ్గర అలసి సొమ్మసిల్లితే అలమేలుమంగమ్మ కలలో కనిపించి, చెప్పులు విడిచి ఎక్కమని చెప్పి, ప్రసాదం పెట్టిందని కథ. ఆ దారిలో మనం తల వంచి మెట్లే లెక్కపెట్టుకుంటాం. తల ఎత్తి రాతిని చూడండి. అడుగున ఉన్నది గ్రానైటు. పైన పొరలు పొరలుగా, ఎరుపు కలిసిన తెలుపులో ఉన్నది క్వార్ట్‌జైటు, ఎప్పుడో నీటి అడుగున పేరుకున్న ఇసుక గట్టిపడి అయిన రాయి. ఘాట్ రోడ్డు పక్కన ఒకచోట ఈ రెండూ కలిసే గీత కంటికి స్పష్టంగా కనబడుతుంది. గీత కింది రాయికీ పై రాయికీ మధ్య కోట్ల సంవత్సరాల ఖాళీ. అన్ని కోట్ల ఏళ్ల చరిత్ర అక్కడ రాయిగా మిగల్లేదు. భారత భూవిజ్ఞాన సర్వే దాన్ని జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా గుర్తించింది. గుడికి ఉత్తరాన చక్రతీర్థం పక్కన ఉన్న శిలాతోరణం ఆ క్వార్ట్‌జైటే. మెత్తని భాగం కొట్టుకుపోయి, గట్టిది కమానుగా నిలిచింది. దర్శనం క్యూలో గంటలు నిలబడినవాళ్లు ఆ తోరణం దగ్గర పావుగంట నిలబడితే కొండ వయసు తెలుస్తుంది.

చెట్ల సంగతీ అంతే. శేషాచలం అడవుల్లో, తూర్పు కనుమల దక్షిణపు కొసన తప్ప సహజంగా ఎక్కడా పెరగని ఎర్రచందనం మన ఇంటి వెనక కొండల్లో ఉంది. దాని బెరడు మొసలి వీపులా గళ్లు గళ్లుగా పగిలి ఉంటుంది. స్మగ్లింగు వార్తల్లో దుంగలుగా తప్ప ఆ చెట్టును నిలబడి ఉండగా చూసినవాళ్లు మనలో ఎంతమంది? తిరుమల కొండల్లో మాత్రమే పెరిగే సైకస్ జాతి ఒకటుంది, చూడటానికి పొట్టి ఈతచెట్టులా ఉంటుంది, డైనోసార్ల కాలం నాటి వంశం. రాతి చీలికల్లో బంగారు రంగు బల్లి, రాత్రి చెట్ల మీద దేవాంగపిల్లి. వీటి కోసమే 1989లో శ్రీవేంకటేశ్వర జాతీయ వనాన్నీ, 2010లో శేషాచలం జీవావరణ రక్షిత ప్రాంతాన్నీ ప్రకటించారు. తలకోన కూడా ఆ వనంలోదే. 270 అడుగుల ఎత్తునుంచి పడే నీళ్లు, సిద్ధేశ్వరస్వామి గుడి, చెట్టునుంచి చెట్టుకు పాకిన లావుపాటి గిల్లతీగ. అక్కడికి డిసెంబరులోనో జనవరిలోనో వెళ్లండి.

ఊరికే తిరగడం మన సంప్రదాయం కాదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. కార్తీకంలో ఉసిరిచెట్టు కింద వనభోజనం ఏమిటి మరి? తిరుమలలో స్వామివారే సంక్రాంతి వేళ పారువేటకు అడవిలోకి బయలుదేరతారు. పుష్యమాసం పున్నమినాడు రామకృష్ణ తీర్థ ముక్కోటి. గుడికి ఆరు మైళ్ల దూరంలో, అడవి నడుమ ఉన్న ఆ తీర్థానికి పాపవినాశనం వైపు నుంచి రాళ్లలో, వంకల్లో వేలమంది నడుస్తారు. మాఘంలో కుమారధార, ఫాల్గుణంలో తుంబురు తీర్థం. చలికాలం పున్నములకు వరసగా ఒక్కొక్క కోనలోకి జనాన్ని నడిపించే పద్ధతి ఎవరు పెట్టారో గాని, వాళ్లకు ఈ అడవిలో ఎప్పుడు ఎక్కడ నీళ్లుంటాయో బాగా తెలుసు. దోవలో దేవస్థానం వాళ్లు మంచినీళ్లు, మజ్జిగ, పొంగలి, పులిహోర పెడతారు. ముక్కోటి రోజున తప్ప ఆ తీర్థాలకు మామూలు జనాన్ని పోనివ్వరు కాబట్టి, కాళ్లలో సత్తువ ఉన్నవాళ్లు ఆ పున్నమి వదులుకోకూడదు.

కొండలెక్కలేనివాళ్లకు చెరువుకట్టలున్నాయి. మన సీమలో నడకకు కట్టను మించిన చోటు లేదు, నా మాట నమ్మండి. ఒక పక్క నీళ్లు, ఒక పక్క వరిమళ్లు, తల మీద పొద్దుటి ఎండ. రాయలచెరువు కట్ట మీద ఒక కొసనుంచి మరో కొసకు నడిస్తే, రెండు గుట్టల సందును మూసి ఇంత నీటిని నిలిపిన పాతకాలం పనితనం అర్థమవుతుంది. కొంగలు, నీటికోళ్లు, లకుముకిపిట్టలు, తూములు, కలుజులు. పిల్లలకు ఆ తూము ఎలా పనిచేస్తుందో చూపించండి.

చంద్రగిరి కోట ప్రహరీ వెంట చుట్టు నడక కూడా అలాంటిదే. విజయనగరపు చివరి రాజుల రాజధాని అది. 1639లో ఇంగ్లీషు కంపెనీ మద్రాసు తీరంలో కోట కట్టుకోవడానికి చోటు సంపాదించింది ఆ వంశం ఏలుబడిలోనే. రాజమహలు మూడంతస్తులకూ కొయ్య వాడలేదు, అంతా రాయి, ఇటుక, సున్నం. గుడిమల్లం ఇంకా పాతది. గాజుపూసలు చేసే పాపానాయుడుపేట పక్కన, స్వర్ణముఖి ఒడ్డు పల్లె. పరశురామేశ్వరుడి లింగం మీద నిలువెత్తు శివుడు, భుజాన గొడ్డలి, ఒక చేత పొట్టేలు, ఒక చేత చెంబు. క్రీస్తుకు ముందు రెండో, ఒకటో శతాబ్దాల నాటిదని చాలామంది పండితులు అంటారు. అంటే తిరుమలలో ఇప్పుడు మనం చూసే ఏ గోపురం కన్నా ఎన్నో వందల ఏళ్లు ముందుది. బస్సు పాపానాయుడుపేటలో దిగి పల్లెదోవలో గుడిదాకా నడవండి, ఏటి ఇసుక ఒకసారి తొక్కి రండి.

తూర్పున సూళ్లూరుపేట దగ్గర నేలపట్టు ఉంది. 2022లో జిల్లాలు మారాక సూళ్లూరుపేట తిరుపతి జిల్లాలోకి వచ్చింది, దానితో పులికాట్ సరస్సులో మన వైపు భాగమూ వచ్చింది. అక్టోబరు నుంచి మార్చి దాకా అక్కడ పక్షుల కాలం. నేలపట్టు చెరువులో నీళ్లలో నిలబడ్డ చెట్ల మీద గూడబాతులు గూళ్లు కట్టి పిల్లల్ని లేపుతాయి. సరస్సులో రాజహంసలు వేలల్లో వాలుతాయి. ఈ పక్షులు వస్తేనే ఊరికి మంచిదని అక్కడి పల్లెలవాళ్లు నమ్ముతారు, వాటి గూళ్ల జోలికి పోరు. పొద్దు పొడవకముందే చేరుకోండి. మైకులు, టపాకాయలు వద్దు.

భయం సంగతీ మాట్లాడాలి. 2023 ఆగస్టులో అలిపిరి దారిలో చిరుతపులి దాడిలో ఒక చిన్నారి ప్రాణం పోయింది. ఆ కన్నవాళ్ల దుఃఖం తలచుకోకుండా నేను నడక గురించి మాట్లాడలేను. తరువాత బోన్లు పెట్టి చిరుతలను పట్టారు, నడిచేవాళ్ల చేతికి కర్రలిచ్చారు, పిల్లలతో వెళ్లేవాళ్లకు వేళలు నిర్ణయించారు. ఆ వేళలు పాటించండి. పిల్లల్ని చెయ్యి విడవకుండా నడిపించండి, వాళ్లు ముందుకో వెనక్కో పరుగెత్తే చోటు కాదది. తిన్నవి దారి పక్కన పారేస్తే వాటికోసం కుక్కలు, పందులు, కోతులు వస్తాయి, వాటి వెనక చిరుత వస్తుంది. పలమనేరు, కుప్పం వైపు కౌండిన్య అడవి అంచున ఏనుగులు తిరుగుతాయి. కైగల్ దగ్గర దుముకురాళ్ల జలపాతం చూడబోయేవాళ్లు ముందు ఊళ్లో అడిగి, పగటిపూటే వెళ్లి, పొద్దుగూకకముందే తిరిగి రండి. కోనల్లో గుండాలు పైకి ప్రశాంతంగా కనిపిస్తాయి గాని అడుగున నాచుపట్టిన బండలుంటాయి. కైలాసకోన అయినా, తడ దగ్గరి ఉబ్బలమడుగు అయినా, ఎగువన వాన పడుతుంటే వంక దాటవద్దు. రక్షిత అడవిలోకి అటవీశాఖ అనుమతి లేకుండా పోవద్దు. ఎర్రచందనం కారణంగా అక్కడ కొత్త మనిషి మీద అనుమానం సహజం.

సంక్రాంతి పండగకు మీ ఇంటికి బెంగళూరు నుంచో, చెన్నై నుంచో, ఇంకా దూరం నుంచో పిల్లలు వస్తారు. కనుమ నాడు పశువులకు కొమ్ములు కడిగి రంగులేస్తారు, సాయంత్రం ఊరి బయట చిట్లాకుప్ప వెలిగిస్తారు. ఆ పొద్దున ఒక గంట ఖాళీ ఉంటుంది. వాళ్ల చేతిలో ఫోను ఇంట్లో పెట్టించి, మీ తాత నడిచిన దోవ ఒకటి ఎంచుకుని తీసుకుపొండి. చేను ఎవరిదో, బావి ఎవరు తవ్వించారో, ఆ గుట్ట పేరేమిటో, వంక ఏ చెరువులో కలుస్తుందో చెబుతూ నడవండి. మీకు తెలియనివి దారిలో ఎదురయ్యే గొర్రెలకాపరిని అడగండి, అతనికి తెలుస్తాయి. నీళ్లసీసా, టోపీ, కాళ్లకు గట్టి చెప్పులు, సంచిలో వేయించిన చెనిక్కాయలు, బెల్లంముక్క పెట్టుకోండి. వచ్చేటప్పుడు ఖాళీ సీసా మళ్లీ సంచిలోనే తెచ్చుకోండి. దోవ ఎక్కడైనా కంచెతో మూసి ఉంటే పంచాయతీలో అడగండి, ఆ దోవ ఊరి పటంలో ఉందో లేదో చూపించమనండి.